ప్రామాణిక ఖడ్గం

మా మండలి పుట్టడానికి ఒక రైలు ప్రయాణం కారణం. ప్రభుత్వంలో బాగా పైన ఉండే ఒక పెద్దాయన రైల్లో వెళుతూ, పక్క సీటాయన సెల్‌ఫోనులో ఆడుకుంటున్న ఆటలోకి తొంగి చూశారు. పాతకాలపు రాజుల నాటి ఆట అది. అందులో వీరుడు ఒక్క కత్తితో నలభై ఏడుగురిని నరికాడు. చెమట పట్టలేదు, ఆయాసం రాలేదు. ఒంటినిండా గాయాలైతే సంచిలోంచి రొట్టె ముక్క తీసి తిన్నాడు. గాయాలన్నీ మానిపోయాయి. పెద్దాయన మనసు పాడైంది. ఇలాంటివి ఆడుతూ పెరిగిన యువత, రేపు నిజంగా కత్తియుద్ధమే వస్తే ఏమైపోతుందని ఆయన దిగే స్టేషను వచ్చేదాకా బాధపడ్డారు. దిగిన వారానికి జీవో వచ్చింది.

ఆ విధంగా ఖడ్గయుద్ధ వాస్తవికతా ధ్రువీకరణ మండలి ఏర్పడింది. కత్తి కనిపించే ఏ వీడియో గేమైనా సరే, అందులో యుద్ధం నిజమైన యుద్ధంలాగే ఉందని మేం సంతకం పెడితేనే రాష్ట్రంలో విడుదల కావాలి. విశాఖపట్నంలో మూడో అంతస్తులో ఆఫీసు ఇచ్చారు. నేను దానికి సూపరింటెండెంటును. అంతకు ముందు ఇరవై రెండేళ్లు స్టాంపులు, రిజిస్ట్రేషన్లలో పనిచేశాను. మా ఇళ్లలో పెళ్లికొడుకు చేతికి కత్తి ఇచ్చే ఆచారం ఉంది. నా పెళ్లిలో కత్తి పట్టుకున్న ఆ మూడు గంటల అనుభవాన్ని ఎవరో నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కించారు. డైరెక్టరుగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన ముప్పై ఏళ్లు మత్స్యశాఖలో ఉన్నారు. చాలా నిజాయితీపరులు. ఒకసారి సంతకం పెట్టిన కాగితాన్ని మళ్లీ దిద్దడం ఆయన జీవితంలో లేదు.

మొదటి సమావేశంలోనే డైరెక్టరు గారు అసలు ప్రశ్న లేవనెత్తారు.

"వాస్తవమైన ఖడ్గం ఎట్లా ఉండునో తెలియకుండా, ఖడ్గం వాస్తవముగా ఉన్నదని మనం ఎట్లా ధ్రువీకరించగలం? కావున ముందుగా ఒక ప్రామాణిక ఖడ్గాన్ని సమకూర్చుకోవలసియున్నది."

మ్యూజియం వాళ్లను అడిగాం. వాళ్ల కత్తులు బయటికి రావన్నారు. అయితే టెండరు పిలవాల్సిందే. టెండరులో ఎప్పుడూ ఉండే షరతు ఒకటుంది. సరఫరాదారుకు గత మూడేళ్లలో ఆ వస్తువును ప్రభుత్వ సంస్థలకు అందించిన అనుభవం ఉండాలి. గత మూడేళ్లలో ప్రభుత్వానికి కత్తులు సరఫరా చేసినవాళ్లు జిల్లా మొత్తం మీద ఒక్కరే తేలారు. శ్రీ వీరఖడ్గ డ్రెస్ కంపెనీ. ప్రభుత్వ పాఠశాలల వార్షికోత్సవాలకు కిరీటాలు, గదలు, గడ్డాలు, కత్తులు వాళ్లే పంపుతారు. ఒక్కటే టెండరు వచ్చింది కాబట్టి అదే అన్నిటికన్నా తక్కువ. ఆమోదించాం.

కత్తి వచ్చింది. రేకు కత్తి. పైన వెండి కాగితం, పిడికి ఎర్ర మఖమల్ గుడ్డ. బరువు మూడు వందల పది గ్రాములు. దాన్ని శాస్త్రీయంగా పరీక్షించాలని డైరెక్టరు గారు కోటు విప్పారు. శత్రువు స్థానంలో ఫైళ్ల బీరువాను నిలబెట్టాం. మా అటెండరు అప్పలకొండ గడియారం పట్టుకున్నాడు. నేను నమోదు చేశాను. మొదటి దెబ్బకు శబ్దం వచ్చింది. రెండో దెబ్బకు కత్తి వణికింది. మూడో దెబ్బకు సగానికి వంగిపోయింది. డైరెక్టరు గారు మోకాలి మీద పెట్టి దాన్ని సరిచేశారు. పద్నాలుగు సెకన్లు పట్టింది. ఆ పద్నాలుగు సెకన్లూ ప్రతిపక్షం నిశ్చలంగా వేచి ఉన్నట్లు కూడా రాసుకున్నాను, ఎందుకంటే బీరువా నిజంగానే కదల్లేదు.

అప్పలకొండ మాత్రం నా చెవిలో అన్నాడు.

"సారూ, ఇది రేకు కదండీ?"

"టెండరులో వచ్చింది," అన్నాను. అంతకుమించి వాడికి ఏం చెప్పను?

కత్తిని అద్దాల పెట్టెలో పెట్టి సీలు వేశాం. దాని మీద ఆధారపడి నియమావళి తయారైంది. మధ్యయుగపు ఖడ్గం మూడో దెబ్బకు వంగవలెను. వీరుడు దాన్ని మోకాలిపై సరిచేయవలెను. సరిచేయునంతవరకు శత్రువు కదలరాదు. గాయమైన వీరుడు వైద్యశాఖ లెక్క ప్రకారం ఆరు వారాలు మంచం దిగరాదు. రొట్టె తినవచ్చును, కానీ అది ఆకలికి మాత్రమే.

మొదట్లో కంపెనీలు గోల పెట్టాయి. తర్వాత దారికొచ్చాయి. పెద్ద పెద్ద దేశాల నుంచి వచ్చిన గేముల్లో కూడా, ఉక్కు కవచాలు తొడుక్కున్న యోధులు మూడు దెబ్బలు కొట్టి, ఆగి, వంగిన కత్తిని మోకాలి మీద సరిచేసుకునేవాళ్లు. ఎదుటివాళ్లు బీరువాల్లా నిలబడి చూసేవాళ్లు. ఒక గేములో మొదటి నిమిషంలోనే వీరుడికి భుజం మీద గాయమైంది. ఆట కొన్నవాళ్లు ఆరు వారాలు మంచం మీద నుంచి పైకి చూస్తూ గడిపారు. పైన ఫ్యాను తిరుగుతోంది. మధ్యయుగంలో ఫ్యాను లేదని మేం అభ్యంతరం చెప్పాం. దాన్ని తీసేసి దూలం పెట్టారు. ధ్రువపత్రం ఇచ్చాం.

అట్లా సాఫీగా పోతున్న మా బండికి విజయనగరం నుంచి లెంక దమయంతి అడ్డొచ్చింది.

ఇరవై ఏడేళ్ల పిల్ల. ముగ్గురు స్నేహితులతో కలిసి తెలుగులో ఒక గేము తయారు చేసింది. పేరు 'ఏడు కోటలు'. ఆడేవాళ్లు ఒక యోధుడి పాత్ర తీసుకుని, కోట తర్వాత కోట గెలుచుకుంటూ పోవాలి. ఆమె వెంట వాళ్ల తాత కూడా వచ్చాడు. పేరు గుంపస్వామి, కత్తిసాము గురువు. డెబ్బై ఆరేళ్లు. పంచెకట్టు, తెల్ల మీసాలు, చంకలో పాత దుప్పటి చుట్టిన పొడవాటి మూట. కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంది.

"సార్, గేములో ఉన్న యుద్ధమంతా మా తాతదే," అంది దమయంతి. "ఆయన ఒంటి నిండా చుక్కల బిళ్లలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, ఆయన ప్రతి కదలికా మూడు వేసవులు తీశాం. ముప్పై ఆరు సాము వరుసలున్నాయి సార్. ఆయన గురువు గారు నేర్పినవి. ఇప్పుడవి తాతకు తప్ప ఇంకెవరికీ రావు. భుజం ఇంకో ఏడాది కూడా ఆగదని డాక్టరు చెప్పేశాడు. ఈ గేము బయటికి రాకపోతే అవి ఆయనతోనే పోతాయి."

"మా కొడుకులు నేర్సుకోనేదు బాబూ," అన్నాడు గుంపస్వామి. "ఒకడు ఇన్సూరెన్సు, ఇంకొకడు వోటలు. ఈ గుంటే నా కాళ్లకాడ కూకుని రాసుకున్నాది."

"వోటలు కాదు, హోటలు సార్," అంది దమయంతి.

డైరెక్టరు గారు సానుభూతితో తల ఊపి, నియమావళి తెరిచారు.

"ప్రదర్శన గావించవచ్చును."

గుంపస్వామి మూట విప్పాడు. నల్లబడిన ఉక్కు కత్తి. పిడి దగ్గర తోలు అరిగిపోయి నున్నగా ఉంది. మా బల్లలు గోడకు జరిపించి, చెప్పులు విడిచి, నేలకు దణ్ణం పెట్టి మొదలుపెట్టాడు. నిజం ఒప్పుకోవాలి, ఆ తర్వాత రెండు నిమిషాలు నేను నమోదు చేయడం మర్చిపోయాను. ఆ ముసలాయన అడుగుల చప్పుడు వినిపించలేదు. కత్తి గాలిని కోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. అప్పలకొండ చేతిలోని టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. చివర్లో భుజం పట్టేసినట్టుంది, పళ్లు బిగబట్టి ఆగాడు.

డైరెక్టరు గారు కత్తిని తూకం వేయించారు. పదకొండు వందల అరవై గ్రాములు. ప్రామాణికం కన్నా ఎనిమిది వందల యాభై ఎక్కువ. తర్వాత దానితో బీరువా మీద మూడు దెబ్బలు కొట్టమన్నారు. గుంపస్వామి వద్దండి బాబూ అన్నాడు. కొట్టాల్సిందే అన్నారు. కొట్టాడు. కత్తి వంగలేదు. బీరువా తలుపు తెగి, లోపల నిరుటి ఫైళ్లు కనిపించాయి.

"వంగలేదు," అన్నారు డైరెక్టరు గారు విచారంగా. "నమోదు చేయండి. అంతేగాక, వీరు కొట్టిన పిదప శత్రువు కదిలినట్లు కూడా కనబడుచున్నది. ఈ ఖడ్గయుద్ధం వాస్తవికతకు విరుద్ధం. తిరస్కరించడమైనది."

గుంపస్వామి అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లి, కళ్లు చిట్లించి మా కత్తిని చూశాడు.

"ఇది నాటకాల కత్తండి బాబూ. దీంతో వొంకాయ కూడా తెగదు."

"అది ప్రామాణికం," అన్నారు డైరెక్టరు గారు.

"మీ ప్రామాణికం కత్తిలాగుండాలి సార్, కత్తి మీ ప్రామాణికంలాగ కాదు!" అంది దమయంతి. ఆ మాట సరిగ్గా అర్థం కాలేదని, అందువల్ల జవాబివ్వలేమని నమోదు చేశాం.

వాళ్లు మెట్లు దిగుతుంటే నేను వెనకాలే వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ రెండు నిమిషాల చప్పుడు చెవుల్లోనే ఉంది. మెట్ల మలుపులో ఆపి చెప్పాను.

"పద్నాలుగో నిబంధన చూడమ్మా, కంపెనీలేవీ అంతదాకా చదవలేదు. యుద్ధం నిజమని చెప్పుకునే గేములకే ఈ పరీక్షలు. అంతా ఊహ అని చెప్పుకుంటే ఏ పరీక్షా లేదు. ఇలాంటి విద్య లోకంలో ఎక్కడా లేదని, ఎప్పుడూ లేదని, గేము కోసం కత్తి తిప్పిన మనిషి ప్రమాణ పత్రం ఇస్తే చాలు. ఇంకా, ఎక్కడా లేని జీవి ఒకటి గేములో ఉండాలి."

దమయంతి తాత మొహంలోకి చూసింది. ఆయన మూటను ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"నేదని రాస్తే, ఆటలో ఉండనిస్తారా?" అన్నాడు.

"ఉండనిస్తారు."

"అయితే రాసీండి."

మళ్లీ పైకొచ్చారు. నేనే నా పెన్నుతో పత్రం నింపాను. విద్య పేరు, ఊహాజనితం. పుట్టుక, ఊహాజనితం. గురువు పేరు అనే గడి దగ్గర ఆగాను.

"మా గురువుగారి పేరు కోరాడ సన్యాసయ్య," అన్నాడు గుంపస్వామి.

"ఇక్కడ అది రాయకూడదు. విద్యే లేనప్పుడు గురువు ఉండడు కదా."

"ఆరేళ్లు ఆయనింట్లో అన్నం తిన్నాను బాబూ."

నేను 'వర్తించదు' అని రాశాను. ఆయన సంతకం పెట్టాడు. నాకు చాలా సిగ్గనిపించింది. ఇరవై రెండేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎన్నో దొంగ కాగితాలు చూశాను గానీ, నా చేత్తో ఒక మనిషిని లేడని రాయడం అదే మొదలు.

ఇక ఎక్కడా లేని జీవి. దమయంతి మొదట ఎగిరే చేపను పెట్టింది. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. ఎగిరే చేపలు ఉన్నాయని, బంగాళాఖాతంలో తాను స్వయంగా చూశానని రెండు పేజీల నోటు రాశారు. ఆ పిల్ల వారం ఆలోచించి, రాజుగారి కొలువులో ఏ ఫైలైనా వచ్చిన రోజే తేల్చేసే గుమాస్తాను పెట్టింది. ఇది ఎక్కడా లేదని మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. గేము విడుదలైంది.

అది ఇంతగా ఆడుతుందని ఎవరూ అనుకోలేదు. మిగతా గేముల్లో కత్తులు వంచుకుని, మంచాలెక్కి విసిగిపోయిన జనం దీని మీద పడ్డారు. ఆ అడుగులు ఎవరివని ఆరా తీశారు. తెలుసుకుని విజయనగరం వెళ్లారు. ఊరి చివర మూతపడ్డ బియ్యం మిల్లు ఉంది. అక్కడ వడ్లు ఆరబెట్టే గచ్చు మీద ప్రతి ఆదివారం గుంపస్వామి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక బ్యాంకు క్యాషియరు, ఇద్దరు నర్సులు, ఒక దర్జీ, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇంకా చాలామంది. మొత్తం ఇరవై మూడు మంది చేరారు. చేతిలో వెదురు కర్రలు.

డ్రెస్ కంపెనీ నుంచి మాకు ఫిర్యాదు వచ్చింది. తమ ప్రామాణిక ఖడ్గాన్ని ఇప్పుడెవరూ నమ్మడం లేదట. డైరెక్టరు గారు ప్రమాణ పత్రం తెప్పించి, రెండుసార్లు చదివి, నోటీసు చెప్పి రాయించారు.

"ఈ విద్య లోకంలో లేదని మీరు ప్రమాణం చేసియున్నారు. లేని విద్యను ఉన్న మనుషులకు బోధించుట మోసం. ఒకవేళ విద్య ఉన్నచో, ప్రమాణ పత్రం అబద్ధం. అప్పుడు గేమును ఉపసంహరించవలసియుండును. రెండింటిలో ఏది మూసివేయవలెనో తనిఖీ పిదప నిర్ణయించబడును."

అంటే గచ్చు మీద పాఠమైనా పోవాలి, లేదా గేమైనా పోవాలి. ఎటు తిరిగినా ఆ ముసలాయన ముప్పై ఆరు వరుసల్లో సగం ప్రాణం తీయడమే. నేను టైపు చేశాను. రెండు తప్పులు పడ్డాయి, దిద్దలేదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. డైరెక్టరు గారు, నేను, చేతిలో సీలూ లక్కా పట్టుకుని అప్పలకొండ. ఇరవై మూడు మందీ వరసగా నిలబడి ఉన్నారు. ఎవరో పిలిచినట్టున్నారు, లోకల్ పేపరు విలేఖరి కూడా ఒకాయన గోడ మీద కూర్చున్నాడు. గుంపస్వామి కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాడు.

"బాబూ, ఈ విద్య ఎక్కడా నేదని తవరు రాయించినారు కదా."

"అవును. నేనే ఆమోదించితిని."

"మరి ఇప్పుడేటి మూసీమంటారు? ఈ గచ్చునా?"

"లేనిదాన్ని ఉన్నట్లు చూపుచున్నారని అభియోగం."

"నేదని తవరే సూపించీండి. మా సాములో ఆఖర్న ఒకటి సేస్తాం. మనిసిని పడుకోబెట్టి, పొట్ట మీద కీరదోసకాయ పెట్టి, కళ్లకి గంతలు కట్టుకుని నరుకుతాం. తవరు పడుకోండి. విద్యే నేదు, ఇంక బయమేటి?"

డైరెక్టరు గారు నా వైపు చూశారు. నేను విలేఖరి వైపు చూశాను. ఆయన పెన్ను తీశాడు.

డైరెక్టరు గారి కష్టం నాకు అర్థమైంది. పడుకోనంటే ఆ కత్తి నిజమని ఒప్పుకున్నట్టు. నిజమని ఒప్పుకుంటే ఆయన సంతకం పెట్టిన కాగితం తప్పు. ప్రాణమా, సంతకమా అంటే ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి ఏది ఎంచుకుంటాడు? ఆయన కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, గచ్చు మీద వెల్లకిలా పడుకున్నారు. పొట్ట మీద అప్పలకొండే కీరదోసకాయ పెట్టాడు. అది ఆయన ఊపిరితో పాటు గబగబా ఎగిరిపడుతోంది.

గుంపస్వామి కత్తి తీశాడు. కుడి చెయ్యి పైకి లేవలేదు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన కత్తిని రెండు చేతులతో దమయంతికి అందించాడు.

"నరకాల్సింది నానా తాతా?" అంది ఆ పిల్ల. అంతవరకూ మా దగ్గర చదువుకున్న భాషే మాట్లాడింది, ఇప్పుడు తాత యాస వచ్చేసింది.

"నువ్వే. మూడేళ్లు నా అడుగు ఒక్కొక్కటీ దిద్దినావు. నీ ఒంట్లో ఉన్నాది."

కళ్లకు గంతలు కట్టారు. కింద నుంచి డైరెక్టరు గారు సన్నగా అడిగారు.

"ఈమెకు అనుభవ ధ్రువపత్రం ఉన్నదా?"

దమయంతి నేలకు దణ్ణం పెట్టి మూడడుగులు వేసింది. అడుగుల చప్పుడు వినిపించలేదు. ఆ తర్వాత మా ఆఫీసులో విన్న చప్పుడే విన్నాను. కీరదోసకాయ రెండు ముక్కలై అటొకటి ఇటొకటి పడింది. డైరెక్టరు గారి చొక్కా మీద గీత కూడా లేదు.

"అది నాది కాదర్రా," అన్నాడు గుంపస్వామి, కళ్లు తుడుచుకుంటూ. "ఆ అడుగు మా సన్యాసయ్య గురువుగారిది." ఇరవై మూడు మందీ చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు గారు లేచి కూర్చుని, పొట్ట తడుముకున్నారు. తర్వాత నన్ను రాసుకోమన్నారు. గొంతు కొంచెం వణికినా భాష వణకలేదు.

"తనిఖీ గావించడమైనది. ఖడ్గవిద్య ఊహాజనితమని మండలి ఇదివరకే నిర్ణయించియున్నందున, దానిపై తదుపరి చర్య అవసరం లేదు. లేనిదాన్ని మూసివేయుట సాధ్యం కాదు. అయితే ఘటనాస్థలంలో ఒక కీరదోసకాయ వాస్తవంగా రెండు ముక్కలైనట్లు గమనించడమైనది. కారణం తెలియరాలేదు. దోసకాయలు ఈ మండలి పరిధిలోకి రావు గనుక, ఫైలును ఉద్యానశాఖకు బదిలీ చేయడమైనది. వారి నివేదిక అందువరకు ఇక్కడ యథాస్థితి కొనసాగవలెను."

గచ్చూ నిలబడింది, గేమూ నిలబడింది. ఉద్యానశాఖ వాళ్లు నెల తర్వాత జవాబు రాశారు. రెండు ముక్కలూ నమూనా కింద పంపమన్నారు. ఒకటి డైరెక్టరు గారు ఆ రోజే జీపులో ఉప్పు అద్దుకుని తినేశారు. రెండోది నేను తిన్నాను. ఆ సంగతి రాయకుండా, వాళ్లు పంపిన ఫారం మాత్రం నింపాను. రకం, కీర. ముక్కలు, రెండు. ఆ తర్వాత 'పండించినవారి పేరు' అని ఒక గడి ఉంది. అందులో నా పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, కోరాడ సన్యాసయ్య అని రాశాను.